కాయిన్ పుషర్: జరిగే బల్ల తయారైంది

కాయిన్ పుషర్‌ అంటే బిళ్లలు వేస్తూ, పేరుకున్న బిళ్లల్ని అంచు నుంచి కిందకు తోయించే ఆట పెట్టె. అందులో అసలు పనంతా ముందుకీ వెనక్కీ జరిగే బల్లదే. బల్ల వెనక్కి పోయేటప్పుడు వెనకున్న కదలని గోడ బిళ్లల్ని ఆపేస్తుంది, ముందు అంచున ఉన్నవి కింది అంతస్తులో పడతాయి, మళ్లీ ముందుకొచ్చేటప్పుడు బల్ల అంచు వాటిని నెడుతుంది. మే నెలలో మా తిరుపతి గంగమ్మ జాతర లోపు వీధి పిల్లలకు ఇది సిద్ధం చేయాలని నా పట్టుదల. డబ్బుతో ఆడించడం నాకిష్టం లేదు, అందుకే బిళ్లలుగా ఎం12 వాషర్లు (12 మి.మీ. బోల్టుకు వేసే చిల్లు బిళ్లలు) తీసుకున్నా. వ్యాసం 24 మి.మీ., అంటే దాదాపు మన ఐదు రూపాయల బిళ్లంత.

బల్లకు 18 మి.మీ. ప్లైవుడ్, రెండు పక్కలా 12 అంగుళాల టెలిస్కోపిక్ చానళ్లు (సొరుగులకు వేసే జారే పట్టాలు). కొట్లో సాఫ్ట్ క్లోజ్ రకం అంటగట్టబోతారు, వద్దనండి, అందులోని స్ప్రింగ్ ప్రతి చుట్టులోనూ మోటారుకు అడ్డుపడుతుంది. చానళ్లు బిగించేముందు మూల నుంచి మూలకు టేపు పెట్టి రెండు కొలతలూ సమానంగా వచ్చేదాకా సర్దాలి, తేడా ఉన్నచోట స్క్రూ వెనక విజిటింగ్ కార్డు ముక్క పెడితే చాలు.

తోసే కడ్డీ మాత్రం బల్లకు సరిగ్గా మధ్యలోనే తగలాలి. వంటింట్లో వెడల్పాటి సొరుగును ఒక చివర పట్టుకుని లాగితే మొరాయిస్తుంది కదా, ఇదీ అంతే, ఒక పక్క ముందుకుపోయి రెండో పక్క పట్టేస్తుంది.

రేణిగుంట రోడ్డులో పాత సామాన్ల కొట్లో దొరికిన కారు వైపర్ మోటారు వాడా. క్రాంకు (మోటారుతో పాటు తిరిగే చేయి) 40 మి.మీ., కాబట్టి బల్ల 80 మి.మీ. జరుగుతుంది. కడ్డీ 200 మి.మీ. పెట్టా, పొట్టిదైతే పక్కకు తోపు ఎక్కువై చానళ్లు తొందరగా లూజవుతాయి. కడ్డీ రెండు చివర్లా 608 బేరింగులు, 8 మి.మీ. బోల్టులు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ వలయం ఉన్నవి). మామూలు నట్టయితే ఈ ఊపుకు ఊడొస్తుంది. 12 వోల్టుల సప్లై, మధ్యలో పీడబ్ల్యూఎం స్పీడ్ కంట్రోలర్ (కరెంటును గబగబా ఆపి వదులుతూ వేగం మార్చేది).

వెనక గోడకూ బల్లకూ మధ్య సందు 1 మి.మీ. మించనివ్వలేదు. వాషర్ మందం 2.5 మి.మీ., అయినా గోడ అడుగు అంచును సాండ్ పేపర్‌తో చదును చేశా, ఎందుకంటే అక్కడ ఏమాత్రం వాలున్నా వాషర్ ఏటవాలుగా దూరి బిగుసుకుంటుంది.

చేత్తో తోస్తే గరగర లేదు. నిండా వాషర్లు పోసి మోటారు వేసినా వేగం తగ్గలేదు. ఇక పక్క గోడలు, బిళ్ల వేసే గొట్టం మిగిలాయి.