వామి దగ్గర నిప్పు జాగ్రత్త

అగ్నిమాపక వారోత్సవాలు కదా, ఫైర్ వాళ్లు మా ఊరొచ్చి రచ్చకట్ట దగ్గర అన్నీ చేసి చూపించారు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలినప్పుడు, మంటలార్పుతూ చనిపోయిన సిబ్బంది గుర్తుగా ఏటా జరిపేవి ఇవి.

మండుతున్న సిలిండర్ మీద తడిపిన గోనెసంచి కప్పగానే మంట టక్కున ఆరిపోయింది. మా అవ్వలు నోరెళ్లబెట్టి చూశారు! వంటగ్యాస్ గాలికంటే బరువు, నేలబారునే పాకుతుందంట. వాసనొస్తే స్విచ్ వేయకూడదు, వేసింది ఆపకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తీసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయాలి.

నాకు ఎక్కువ పట్టింది వాముల సంగతి. మన అనంతపురం పల్లెల్లో శెనక్కట్టె వామి అంటే పశువులకు ఏడాది మేత. దాన్ని కరెంటు తీగల కిందే వేస్తాం. గాలికి తీగలు రాసుకుని ఒక్క రవ్వ రాలితే చాలు. బీడీ ముక్క అయినా అంతే. మంట కనపడగానే ముందు 101కి ఫోన్ చేయండి, బిందెలు తర్వాత. టౌన్ నుంచి బండి రావాలంటే టైం పడుతుంది.

మా పెద్దనాయన వామి ఆదివారం పొద్దున్నే తీగల కింద నుంచి మారుస్తున్నాం. ట్రాక్టర్ ఉన్నోళ్లు ఒక చెయ్యి వేయండన్నా.