నూనె తగ్గించి వెయ్యి అన్నా

"అన్నా, ఒక పెసరట్టు, ఉప్మా వద్దు, నూనె తగ్గించి వెయ్యి." పెనం దగ్గరున్నాయన మారు మాట్లాడకుండా సగం ఉల్లిపాయను నూనెలో ముంచి పెనమంతా ఒకసారి రుద్ది, పిండి పరిచి, పైన అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర చల్లాడు. అంచులు ఎర్రగా కాలి ఎంత బాగా వచ్చిందో!

నాన్నకి బీపీ. రోజుకి ఉప్పు 5 గ్రాములు, అంటే ఇంచుమించు ఒక టీస్పూను దాటొద్దని డబ్ల్యూహెచ్‌ఓ అంటుంది. బయట తింటే చట్నీలు, సాంబారుతోనే అందులో ఎంత పోతుందోనని నాకు టెన్షన్.

10 లేదా అంతకంటే ఎక్కువ బ్రాంచీలున్న హోటళ్లు మెనూలో కేలరీలు చూపాలని 2022 జులై నుంచి నిబంధన ఉంది. వీధి టిఫిన్ సెంటర్‌లో మాత్రం మనం అడగాల్సిందే.

వచ్చే వారం నాన్నతో విజయవాడ వెళ్తున్నా. అడిగితే ఇలా చేసిపెట్టే చోటు తెలిస్తే చెప్పండి.