లండన్‌లో బారిస్టర్ కోసం వెతికి, క్లర్క్‌తో మాట్లాడటం నేర్చుకున్నా (నా అనుభవం)

మా పెదనాన్న నరసరావుపేట కోర్టులో ముప్పై ఏళ్ళు ప్లీడరు గుమాస్తాగా చేశారు. వాయిదాలు రాసుకోవడం, నకళ్ళకి అప్లికేషన్ పెట్టడం, కేసు కట్టలు మోసుకెళ్ళడం, చిన్నప్పటి నుంచి నేను చూసిన గుమాస్తా పని అది. అందుకే ఇక్కడ ఒక ఫ్రెండ్ "బారిస్టర్ల క్లర్క్‌కి ఫోన్ చెయ్యి" అంటే అలాంటి మనిషే అనుకున్నా. కాదండీ. ఏ కేసు ఏ బారిస్టర్‌కి (కోర్టులో నిలబడి వాదించే లాయరుకి) వెళ్ళాలో, ఫీజు ఎంతో, ఏ వారం ఎవరు ఖాళీగా ఉన్నారో అంతా క్లర్క్ చేతిలోనే ఉంటుంది. ఇది తెలీక నాకు రెండు నెలలు పోయాయి, ఇంకెవరికీ అలా పోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

నా కేసు సంగతి. రీడింగ్ దగ్గర ఒక కంపెనీలో టెస్ట్ లీడ్‌గా ఐదేళ్ళు చేశాను. 2023 సెప్టెంబర్‌లో పాప పుట్టింది, 2024 మే లో తిరిగి డ్యూటీలో చేరితే జూన్‌లో రిడండెన్సీ (పోస్టే తీసేస్తున్నాం, ఉద్యోగం లేదు) అన్నారు. అదే టైంలో పక్క టీంలో నాకు సరిగ్గా సరిపోయే పోస్టు ఖాళీగా ఉంది, దానికి బయట నుంచి మనిషిని తెచ్చుకున్నారు. 2024 ఏప్రిల్ 6 నుంచి ఇక్కడ రూల్ మారింది, మెటర్నిటీ లీవ్ అయిపోయి తిరిగొచ్చాక కూడా, బిడ్డ పుట్టిన 18 నెలల దాకా, రిడండెన్సీ అంటే సరిపోయే ఖాళీ ముందు ఆ తల్లికే ఇవ్వాలి. నాకు ఇవ్వలేదు. అప్పుడు నాకున్న గడువు మూడు నెలలకి ఒక రోజు తక్కువ కాబట్టి ఆ లోపే ఏకాస్‌కి (ఉద్యోగ తగాదాల్లో రాజీ కుదిర్చే సంస్థ) చెప్పి, సర్టిఫికెట్ తీసుకుని, ఈటీ1 ఫారం నేనే నింపి ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌లో వేశాను. 2017లో సుప్రీంకోర్టు కొట్టేసిన దగ్గర్నుంచి ఫారానికి ఫీజు లేదు కాబట్టి అక్కడిదాకా బానే నడిచింది.

ప్రిలిమినరీ హియరింగ్ రోజు వీడియోలో అవతల వైపు సొలిసిటరూ (కేసు కాగితాల పని నడిపే లాయరు) బారిస్టరూ ఇద్దరూ కూర్చుని ఉన్నారు, ఇటు నేను ఒక్కదాన్నే, పాప పక్క గదిలో ఏడుస్తోంది, అత్తయ్యగారు ఎత్తుకుని తిరుగుతున్నారు. ఫైనల్ హియరింగ్ నాలుగు రోజులు, 2025 నవంబర్‌లో అని తేదీ పడింది. ఆ రాత్రే నిర్ణయించుకున్నా, ఆ నాలుగు రోజులు నా పక్కన మాట్లాడే మనిషి ఉండాలని.

సొలిసిటర్లు చెప్పిన గంట రేటు మావల్ల కాలేదు. హోం ఇన్సూరెన్స్‌లో లీగల్ కవర్ ఉందేమోనని చూశాం, మా పాలసీలో లేదు (మీరు ముందు అది చూసుకోండి, చాలామందికి ఉండి కూడా తెలీదు). అప్పుడు తెలిసింది, ఇంగ్లండ్, వేల్స్‌లో 2004 నుంచి పబ్లిక్ యాక్సెస్ అని ఉంది, సొలిసిటర్ లేకుండా మనమే నేరుగా బారిస్టర్‌ని పెట్టుకోవచ్చు. స్కాట్లండ్ పద్ధతి వేరు. అందరు బారిస్టర్లూ ఇలా తీసుకోరు, దానికి ట్రైనింగ్ అయినవాళ్ళే తీసుకోవాలి, వాళ్ళకి కూడా కేసు వద్దనే హక్కు ఉంటుంది.

మొదటి ఛాంబర్స్ (కొంతమంది బారిస్టర్లు కలిసి ఉండే ఆఫీసు) విషయంలో నేను చేసిన తప్పు ఏంటంటే, నా దగ్గరున్న ఈమెయిళ్ళన్నీ 140 పేజీలు ఒకే ఫైల్ చేసి "నాకు అన్యాయం జరిగింది, దయచేసి సాయం చెయ్యండి" అని పంపాను. మూడు వారాలు జవాబు లేదు. ఫోన్ చేస్తే ఒక అబ్బాయి, జూనియర్ క్లర్క్ అనుకుంటా, మర్యాదగానే "ఇందులో పేపర్లు ఎక్కువ, సొలిసిటర్‌తో వెళ్తే మంచిది" అని పెట్టేశాడు. ఆరోజు చాలా ఏడ్చాను.

పెదనాన్నకి వాట్సాప్‌లో ఫోన్ చేస్తే ఆయన ఒకటే మాట అన్నారు. "అమ్మాయ్, గుమాస్తాకి కథ చెప్పకు, తేదీలు చెప్పు. వాయిదా ఎప్పుడు, ఎన్ని రోజులు, ఎదుటి పార్టీ ఎవరు. తేదీ తెలీని కేసు ఏ గుమాస్తా ముట్టుకోడు." నరసరావుపేట మాట లండన్‌లో అక్షరాలా పనిచేసింది. ఆ రాత్రే కూర్చుని ఒక్క పేజీ రాశాను. పైన కేసు నంబరు, ట్రిబ్యునల్ పేరు, హియరింగ్ తేదీలు, కంపెనీ పేరు, వాళ్ళ లాయర్లు ఎవరు, జడ్జి పెట్టిన గడువులు, కింద ఏడు లైన్లలో జరిగింది తేదీలవారీగా, చివర నాకేం కావాలో, ఎంత పెట్టగలనో. 140 పేజీలు అడిగితే పంపుతానని ఒక ముక్క.

రెండో ఛాంబర్స్ క్లర్క్ అదే రోజు ఫోన్ చేశాడు. కంపెనీ పేరు చూసి "మీ ఎదుటివాళ్ళ తరఫున మా ఛాంబర్స్ నుంచే ఒకరు ఉన్నారు, అయినా ఇంకొకరు మీ తరఫున చెయ్యొచ్చు" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది, ఒకే ఆఫీసులో రెండువైపులా ఎలా ఉంటారు? తర్వాత కనుక్కుంటే అది నిజమే, ఛాంబర్స్ అంటే కంపెనీ కాదు, ఎవరి ప్రాక్టీస్ వాళ్ళదే, బిల్డింగూ క్లర్కులూ మాత్రం కలిపి పెట్టుకుంటారు, ఫైళ్ళు విడిగా ఉంచుతారు. ఇక్కడ మామూలే అంట. కానీ నాకు మనసొప్పలేదు, వద్దన్నాను, ఆయన ఏమీ అనుకోలేదు.

మూడో క్లర్క్ యాభై దాటిన మనిషి, గొంతు నెమ్మది. ఇరవై నిమిషాలు మాట్లాడాడు, అందులో చట్టం గురించి ఒక్క ముక్క లేదు. సాక్షులు ఎంతమంది, బండిల్ (హియరింగ్‌కి పెట్టే కాగితాల కట్ట) ఎవరు తయారుచేస్తున్నారు, విట్‌నెస్ స్టేట్‌మెంట్ మీరు రాయగలరా, పాపని ఎవరు చూస్తారు, ఇవే ఆయన అడిగినవి. నేను "మీలో అందరికంటే సీనియర్ కావాలి" అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "కేసీ (కింగ్స్ కౌన్సెల్, బాగా సీనియర్ బారిస్టర్) మీకు అక్కర్లేదు, మీ డబ్బు సగం పేరుకే పోతుంది. మెటర్నిటీ కేసులు వరసగా చేస్తున్న ఒకావిడ ఉన్నారు, పన్నెండేళ్ళ కాల్, సాక్షిని ఓపిగ్గా అడుగుతారు, ఆ నాలుగు రోజులూ డైరీ ఖాళీగా ఉంది" అన్నాడు. కాల్ అంటే బారిస్టర్‌గా పిలుపు అందుకుని ఎన్నేళ్ళయిందో అది. ఫోన్ పెట్టేసి బార్ స్టాండర్డ్స్ బోర్డు (బారిస్టర్ల మీద అజమాయిషీ చేసే సంస్థ) రిజిస్టర్‌లో ఆవిడ పేరు కొట్టి చూశాను, ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్ ఉంది, పబ్లిక్ యాక్సెస్ ఉంది, క్రమశిక్షణ చర్యలు ఏమీ లేవు. ఇది ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

మొదట ఒక గంట కాన్ఫరెన్స్‌కి (ఆవిడతో కూర్చుని సలహా తీసుకోవడానికి) మాత్రమే డబ్బు కట్టాను, 450 పౌండ్లు, పైన 20 శాతం వ్యాట్. టెంపుల్ స్టేషన్‌లో దిగి మిడిల్ టెంపుల్ లేన్‌లోకి వెళ్తే ప్రతి గుమ్మం పక్కనా బోర్డు మీద బారిస్టర్ల పేర్లు చేత్తో రాసి ఉన్నాయి, పైన సీనియర్లు, కిందకొచ్చే కొద్దీ జూనియర్లు. ఆవిడ పేరు మధ్యలో కనిపించింది, కాసేపు అక్కడే నిలబడిపోయా. లోపల క్లర్క్‌ల గదిలో ఒక్కొక్కరి ముందు రెండేసి స్క్రీన్లు, రంగురంగుల డైరీ, చెవికి హెడ్‌సెట్, టేబుల్ మీద గులాబీ రంగు టేపుతో కట్టిన కట్ట ఒకటి. ఆ ముడి చూడగానే పెదనాన్న గుర్తొచ్చారు.

ఆవిడ నాకు ఇష్టంలేని మాటలు కూడా చెప్పారు, రెండు ఆరోపణలు నిలబడవు, తీసెయ్యమన్నారు. తీసేశాను. ఆ ఖాళీ పోస్టు మీదే కేసు నిలబెడదాం అన్నారు.

ఫీజు మాటలు మాత్రం మళ్ళీ క్లర్క్‌తోనే, బారిస్టర్‌ని అడిగితే "క్లర్క్‌తో మాట్లాడండి" అనే అంటారు, అది తప్పించుకోవడం కాదు, పద్ధతే అది. నేను అడిగినవి: తయారీ, మొదటి రోజు కలిపి ఎంత, తర్వాత రోజుకి ఎంత (దాన్ని రిఫ్రెషర్ అంటారు), ఆవిడ వేరే కేసులో ఇరుక్కుంటే ఎవరొస్తారు, ముందే సెటిల్ అయితే నా డబ్బు ఏమవుతుంది. ఈ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. ఆయన కాసేపు ఆలోచించి ఫీజు రెండు ముక్కలు చేశాడు, సగం హియరింగ్‌కి 28 రోజుల ముందు, మిగతా సగం 14 రోజుల ముందు. అన్నీ క్లయింట్ కేర్ లెటర్‌లో (మా ఒప్పందం రాసి ఇచ్చే ఉత్తరం) రాయించుకున్నా. ఆవిడ నా బదులు ట్రిబ్యునల్‌కి కాగితాలు వెయ్యరని కూడా అందులో ఉంది, ఆ ఈమెయిళ్ళన్నీ నా పేరు మీదే వెళ్ళాయి, గడువులు ఫ్రిజ్ మీద అంటించుకుని మరీ పంపాను.

హియరింగ్ ఇంకా 17 రోజులుందనగా ఏకాస్ ద్వారా సెటిల్ అయింది. ఎంతకో చెప్పకూడదు, సంతకం పెట్టాను. ఆ సాయంత్రం క్లర్కే ఫోన్ చేసి "రెండో బిల్లు పంపట్లేదు, మీకు తేదీలు గుర్తున్నాయి కదా" అన్నాడు. వెంటనే పెదనాన్నకి ఫోన్ కొట్టాను, అక్కడ రాత్రి పదకొండు దాటింది, అయినా ఎత్తారు.