సఫైర్ ఒక్క మాటైనా మాట్లాడదు

శనివారం. పొద్దున్నుంచీ ముసురు. పిల్లాడి ఫుట్‌బాల్ క్లాసు రద్దయింది, ఉతికిన బట్టలన్నీ హాల్లోనే ఆరేశాను. పప్పుచారు, వడియాలతో భోజనాలయ్యాక ‘సఫైర్’ పెట్టుకుని కూర్చున్నాం. బేసిల్ డియర్డెన్ 1959లో తీసిన బ్రిటిష్ క్రైమ్ సినిమా.

లండన్‌లో హాంప్‌స్టెడ్ హీత్ అనే పెద్ద పార్కు, ఎండుటాకుల మీద ఒక అమ్మాయి శవం. తెల్లమ్మాయేనని అందరూ అనుకుంటారు. తర్వాత ఆమె అన్నయ్య డాక్టర్ రాబిన్స్ పోలీసుల దగ్గరికి వస్తాడు. ఆయన నల్లవాడు. అక్కణ్నుంచి పోలీసులు హంతకుణ్ని కాస్త పక్కనబెట్టి ఆ పిల్ల బతుకంతా తవ్వడం మొదలుపెడతారు. పైన మామూలు స్కర్టు, లోపల ఎర్ర పెటికోటు. అది చూసే గుణం తేల్చేస్తారు! క్లబ్బులో బాంగో మోగుతుంటే, ఎంత తెల్లగా ఉన్నా కాళ్లు ఆగవు, రక్తం దాగదు అన్నట్టు చూపిస్తారు. నాకు ఒళ్లు మండింది. రంగు పిచ్చి తప్పని చెప్పే సినిమాలోనే ఈ మాటా?

రాబిన్స్‌గా వేసినది ఎర్ల్ కామెరాన్. బెర్ముడాలో పుట్టి, ఓడల్లో పనిచేస్తూ 1939లో ఇంగ్లండ్ చేరిన మనిషి. 1951లో ఇదే డియర్డెన్ తీసిన ‘పూల్ ఆఫ్ లండన్’లో జమైకా నావికుడు ఆయనే. అందులో తెల్లమ్మాయితో స్నేహం ఉంటుంది, ఇష్టమూ తెలుస్తూనే ఉంటుంది, కానీ ఒక్క ముద్దు కూడా ఉండదు. ఇక్కడేమో చెల్లెలు చచ్చిపోయినా గొంతు పెంచడు. పెద్దమనిషిలా ఉంటేనే నల్లవాడి మీద జాలి పుడుతుందని అనుకున్నారేమో. అయినా ఆ కళ్లలో దిగమింగుకున్న కోపం స్పష్టంగా కనబడుతుంది. డైలాగులు ఇవ్వనిదంతా ఆయన ముఖంతోనే చెప్పాడు. 2020లో, 102 ఏళ్ల వయసులో పోయాడు.

సినిమాకి ముందటేడే, 1958లో, లండన్‌లోని నాటింగ్ హిల్‌లో నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి. 1959 మే నెలలో అదే పేటలో ఆంటిగ్వా నుంచి వచ్చిన వడ్రంగి కెల్సో కాక్రేన్‌ని తెల్లకుర్రాళ్లు పొడిచి చంపారు. ఆ కేసులో ఎవరికీ శిక్ష పడలేదు. సినిమాలో మాత్రం పోలీసులు చివరికి హంతకుల గడపలోకే వెళ్తారు. ఎవరి గడపో చెప్పను, చూడండి.

“ఆ రోజుల్లో ఇంత చెప్పడమే గొప్ప కాదూ? బాఫ్టా కూడా ఇచ్చారు,” అన్నారు మావారు.

నిజమే, ఉత్తమ బ్రిటిష్ చిత్రంగా ఇచ్చారు. ధైర్యం లేదని నేనూ అనను. ఈ ఊరికి వచ్చిన కొత్తలో, ఫోన్లో ఖాళీగా ఉందన్న ఇల్లు మమ్మల్ని చూడగానే నిండిపోయిన సంగతి నాకింకా గుర్తుంది. అందుకే ఇలాంటి సినిమా అప్పుడే వచ్చిందంటే సంతోషమే.

“కానీ ఆ పిల్ల గురించి చూడండి,” అన్నాను. “సినిమాకి పేరు ఆమెదే. తెర లేచేసరికే శవం. ఫొటోలో డాన్స్ చేస్తూ కనబడుతుంది, అంతే. తెల్లగా చెలామణి అవుతూ ఆమె ఏమనుకుందో అన్నయ్య చెప్తాడు, స్నేహితురాలు చెప్తుంది, పోలీసాయన చెప్తాడు. ఆ వేషం వేసినది కూడా తెల్లమ్మాయే. ఒక్క ఫ్లాష్‌బ్యాక్ పెట్టి, ఆ పిల్లని నాలుగు మాటలు మాట్లాడనిస్తే ఏం పోయేది?”

ఆయన కాసేపు ఆలోచించి, “అప్పుడు ఆమె పెళ్లాడబోయిన తెల్లబ్బాయి ఇంటివాళ్ల కంటే ఈమె మీదే మనసు పోయేదేమో,” అన్నారు.

పోవాలనే కదా నేననేది.