కైల్ ఫీల్డ్‌లో దాయాదులు

2024 నవంబర్ 29, థాంక్స్‌గివింగ్ మర్నాడు. డాలస్ నుంచి దక్షిణంగా వెళ్లే ఐ-45 హైవే మీద ఎటు చూసినా కార్ల కిటికీలకు జెండాలే. కొన్ని మెరూన్ రంగువి, కొన్ని బర్న్ట్ ఆరెంజ్. మా కారుకి రెండూ ఉన్నాయి. నేను టెక్సస్ ఎ అండ్ ఎంలో ఎంఎస్ చేశాను, మాది మెరూన్. మా అమ్మాయి ఆస్టిన్‌లో, యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో చదువుతోంది, వాళ్లది ఆరెంజ్. ఎవరి జెండా వాళ్ల వైపు కిటికీకి కట్టుకున్నాం. వెనక సీట్లో నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్. వాడు చదివింది ఓక్లహోమా స్టేట్‌లో, స్టిల్‌వాటర్ అనే చిన్న ఊళ్లో. మేం చూడబోతున్నది ఈ రెండు యూనివర్సిటీల ఫుట్‌బాల్ మ్యాచ్, వాడికి దాంతో నేరుగా సంబంధం లేదు. కానీ ఈ మ్యాచ్ వల్ల అందరికంటే ఎక్కువ నష్టపోయింది వాడే.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి తెలియనివాళ్ల కోసం ఈ రెండు యూనివర్సిటీల సంగతి కాస్త చెప్పాలి. ఎ అండ్ ఎం 1876లో మొదలైంది. ఆస్టిన్‌లో యూనివర్సిటీ 1883లో వచ్చింది; ఆటల్లో ఉత్త 'టెక్సస్' అంటే ఇదే. రెంటికీ మధ్య వంద మైళ్ల పైచిలుకు దూరం. ఒకటి పొలాల మధ్య మిలిటరీ శిక్షణతో పెరిగింది, ఇంకొకటి రాజధాని నగరంలో. పశ్చిమ టెక్సస్‌లో ప్రభుత్వం వీటికి రాసిచ్చిన భూముల్లో తర్వాత చమురు పడింది. ఆ డబ్బుతో పెరిగిన నిధి మీద వచ్చే రాబడిలో రెండు వంతులు ఆస్టిన్ వైపుకి, ఒక వంతు ఎ అండ్ ఎం వైపుకి పోతుంది. ఒకే ఆస్తి, రెండు వాటాలు, చిన్న వాటా దక్కినవాడికి కడుపుమంట. మన ఊళ్లలో దాయాదుల సంగతి చూసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. 1894లో మొదలైన ఈ పోరు 2011 దాకా నడిచింది. తర్వాత పదమూడేళ్లు ఆగిపోయింది.

ఎందుకు ఆగింది? ఇక్కడ యూనివర్సిటీలు గుంపులు గుంపులుగా చేరి తమలో తాము ఆడుకుంటాయి. ఆ గుంపే కాన్ఫరెన్స్. టీవీ హక్కులు కూడా కలిసే అమ్ముకుంటాయి. 1996 నుంచి ఈ రెండూ బిగ్ 12లో ఉండేవి. 2011లో ఈఎస్‌పీఎన్‌తో కలిసి ఆస్టిన్ యూనివర్సిటీ తన ఒక్కదాని కోసం లాంగ్‌హార్న్ నెట్‌వర్క్ అనే చానల్ పెట్టుకుంది. ఇరవై ఏళ్లకు 30 కోట్ల డాలర్ల ఒప్పందం. ఒకే గుంపులో ఉంటూ ఒకరికి సొంత చానల్ ఏమిటని ఎ అండ్ ఎంకి ఒళ్లు మండి, 2012లో ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్‌కి వెళ్లిపోయింది. 2011 నవంబర్ 24న ఎ అండ్ ఎం స్టేడియం కైల్ ఫీల్డ్‌లో ఆఖరి మ్యాచ్. చివరి క్షణంలో జస్టిన్ టకర్ గోల్ కర్రల మధ్యకి తన్నిన ఫీల్డ్ గోల్‌తో టెక్సస్ 27-25తో గెలిచింది. ఆ తర్వాత ఆడుకోవడానికి ఇద్దరికీ మనసు రాలేదు. ఈ మ్యాచ్ తప్పనిసరి చేయాలని 2013లో టెక్సస్ శాసనసభలో బిల్లు కూడా పెట్టారు. అది నెగ్గలేదు.

ఆ ఆఖరి మ్యాచ్ నాటికి మా అమ్మాయికి ఏడేళ్లు. ఆ పదమూడేళ్లలో రెండు క్యాంపస్‌లలోనూ చేరి, డిగ్రీలు పుచ్చుకుని వెళ్లిపోయిన పిల్లలెందరో ఈ మ్యాచ్ ఒక్కటి కూడా చూడలేదు. నాకు ఈ వ్యవహారంలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

మాడిసన్‌విల్‌లో బక్కీస్ పెట్రోల్ బంకు దగ్గర ఆగాం. బ్రిస్కెట్ శాండ్‌విచ్ కోసం నిలబడ్డ లైన్లో మెరూన్ చొక్కాలు, ఆరెంజ్ చొక్కాలు కలగాపులగంగా ఉన్నాయి. ఒక ముసలాయన మా అమ్మాయి చొక్కా చూసి, నా చొక్కా చూసి, "ఎక్కడ తప్పు జరిగింది?" అని నన్ను పరామర్శించాడు. ఆయన కొడుకు కూడా ఆస్టిన్‌లోనే చదివాడట.

సాయంత్రానికి ఎ అండ్ ఎం ఉన్న ఊరు కాలేజ్ స్టేషన్ చేరాం. ముందుగా బోన్‌ఫైర్ మెమోరియల్‌కి తీసుకెళ్లాను. ఈ మ్యాచ్ చూడబోయేవాళ్లు అది చూడకుండా స్టేడియంలో అడుగు పెట్టకూడదని నా అభిప్రాయం.

నేను ఇక్కడికి వచ్చింది 1999 ఆగస్టులో. ఏటా టెక్సస్‌తో మ్యాచ్ ముందు విద్యార్థులే అడవిలో చెట్లు నరికి, దుంగలు మోసుకొచ్చి, అంతస్తులుగా పేర్చి, పెద్ద మంట వేసేవాళ్లు. ఆ ఏడాది నవంబర్ 18 తెల్లవారుజామున 2 గంటల 42 నిమిషాలకి, 59 అడుగుల ఎత్తున, దాదాపు అయిదు వేల దుంగలతో పేర్చిన కట్టడం కూలిపోయింది. పన్నెండు మంది చనిపోయారు. ఇరవై ఏడు మంది గాయపడ్డారు. హెలికాప్టర్ల చప్పుడుకి లేచాను. పొద్దున టీవీలో వార్త చూసి అమ్మ ఫోన్ చేసి, నా గొంతు విన్నాక కూడా "నువ్వేనా? నిజంగా నువ్వేనా?" అని అడుగుతూనే ఉంది. ఎనిమిది రోజుల తర్వాత కైల్ ఫీల్డ్‌లో మ్యాచ్ జరిగింది. హాఫ్‌టైమ్‌లో ఆస్టిన్ నుంచి వచ్చిన బ్యాండ్ వాళ్లు నివాళిగా వాయించి, తమ తెల్ల టోపీలు తీసి నిలబడ్డారు. ఎనభై వేలకు పైగా జనంలో ఒక్క గొంతు లేవలేదు. ఎ అండ్ ఎం 20-16తో గెలిచింది. అమెరికా వచ్చి మూడు నెలలైన నాకు ఆట నియమాలు సగం కూడా అర్థం కాలేదు. ఆ టోపీలు తీయడం మాత్రం అర్థమైంది.

మెమోరియల్‌లో పెద్ద వలయం ఉంటుంది. దాని చుట్టూ పన్నెండు ద్వారాలు, ఒక్కొక్కరికి ఒకటి. ఒక్కో ద్వారం ఆ బిడ్డ సొంత ఊరి దిక్కుకి తిరిగి ఉంటుంది. లోపలి వైపు కంచు పలక మీద వాళ్ల రూపం, వాళ్ల సంతకం. మా అమ్మాయి ఒక సంతకం మీద వేలు పెట్టి అక్షరాల వెంట నెమ్మదిగా జరిపింది. "నాన్నా, వీళ్లు నాకంటే చిన్నవాళ్లు" అంది. ఆ ఘటనకి పాతికేళ్లు నిండి అప్పటికి పదకొండు రోజులే కావడంతో ద్వారాల దగ్గర పూలగుచ్ఛాలు ఇంకా ఉన్నాయి. కొన్నిటికి ఆరెంజ్ రిబ్బన్లు కట్టి ఉన్నాయి.

రాత్రి భోజనానికి పక్క ఊరు బ్రయన్‌లో పాత రూమ్మేట్ ఇంటికి వెళ్లాం. వాళ్లావిడ పప్పు, గోంగూర, కోడి వేపుడు చేసింది. టీవీలో జార్జియా, జార్జియా టెక్ మ్యాచ్ నడుస్తోంది. ఎంతకీ తెగదే! ఎనిమిది ఓవర్‌టైమ్‌లు పట్టింది. చివరికి జార్జియా 44-42తో గెలిచింది. తింటున్న చేతులు ఎండిపోయినా ఎవరం లేవలేదు. అప్పుడే మా స్టిల్‌వాటర్ వాడు గట్టిగా అన్నాడు: "చూశారా? జార్జియా టెక్ ఎస్‌ఈసీ వదిలి 1964లోనే వెళ్లిపోయింది. అరవై ఏళ్లయింది. ఇప్పుడు వేరే కాన్ఫరెన్స్‌లో ఉంది. అయినా ప్రతి ఏడూ ఆడుకుంటున్నారు కదా!"

వాడి కడుపులో బాధ అది. 2021లో టెక్సస్, ఓక్లహోమా రెండూ ఎస్‌ఈసీలో చేరతామని తేల్చాయి. 2024 జులై 1న చేరాయి. దాంతో మా మ్యాచ్ తిరిగి వచ్చింది. కానీ ఓక్లహోమా వెళ్లిపోవడంతో ఓక్లహోమా స్టేట్‌తో 1910 నుంచి ఏడాది తప్పకుండా సాగిన 'బెడ్‌లమ్' అనే మ్యాచ్ ఆగిపోయింది. ఆఖరిది 2023 నవంబర్ 4న స్టిల్‌వాటర్‌లో జరిగింది. ఓక్లహోమా స్టేట్ 27-24తో గెలిచింది. వాడు ఆ రోజు అక్కడే ఉన్నాడు. జనం మైదానంలోకి దూకితే వాడూ దూకాడట. "గెలిచాం, కానీ ఇంక మళ్లీ ఎప్పుడు అని పక్కవాణ్ణి అడిగితే జవాబు లేదురా" అన్నాడు.

అర్ధరాత్రి కైల్ ఫీల్డ్‌లో మిడ్‌నైట్ యెల్, అంటే మ్యాచ్ ముందు రాత్రి అరుపుల సాధన. ఇక్కడ చీర్‌లీడర్లు ఉండరు. తెల్ల బట్టలు వేసుకున్న అయిదుగురు విద్యార్థులు చేతులతో సైగ చేస్తారు. ఆ సైగ వెనక్కి వెనక్కి చేతుల మీదుగా పాకుతుంది. వెంటనే అంతా నడుం వంచి ఒక్క గొంతుతో అరుస్తారు. అమ్మాయి నల్ల జాకెట్ మెడదాకా మూసుకుని కూర్చుంది. పక్క కుర్రాడు "హౌడీ" అని పలకరించి, ఆమె ఆస్టిన్ విద్యార్థిని అని తెలిసి, వేరుశెనగలు పంచుకుని, "రేపు ఇంత మర్యాద ఉండదు" అని చెప్పి మరీ వెళ్లాడు.

శనివారం పార్కింగ్ లాట్‌లో మధ్యాహ్నం నుంచే టెయిల్‌గేటింగ్, అంటే కార్ల దగ్గరే తిండీ కబుర్లూ. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా అందరికీ తిప్పాం. సాయంత్రం ఆరున్నరకి ఆట. 1,02,733 మంది పట్టే స్టేడియంలో 1,09,028 మంది. ఇండియాకి ఒకవైపు టికెట్ అంత పెట్టి కొన్న సీట్లు మూడో అంతస్తులో దొరికాయి. ఎ అండ్ ఎం విద్యార్థులు ఆట సాంతం నిలబడే ఉంటారు. 1922లో ఆటగాళ్లు దెబ్బలు తగిలి తగ్గిపోతుంటే, ఇ. కింగ్ గిల్ అనే విద్యార్థి ప్రేక్షకుల్లోంచి దిగి యూనిఫామ్ వేసుకుని, అవసరమైతే ఆడతానని నిలబడ్డాడు. అందుకే విద్యార్థులంతా పన్నెండో ఆటగాళ్లు. యూనివర్సిటీ పాటకి అందరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఊగుతుంటే మా కాళ్ల కింద అంతస్తు కదిలింది. అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని, పాట అయిపోయేదాకా వదల్లేదు.

ఆట మాత్రం మాకు కలిసిరాలేదు. మొదటి సగానికే టెక్సస్ 17-0. ఆఖరి ప్రయత్నమైన నాలుగో డౌన్‌లో వాళ్ల ఆర్చ్ మానింగ్ 15 గజాలు పరుగెత్తి, బంతితో చివరి గీత దాటి టచ్‌డౌన్ చేసేశాడు. మూడో క్వార్టర్లో మా విల్ లీ బంతిని మధ్యలో అందుకుని 93 గజాలు పరుగెత్తాడు. ఆ అరుపుకి చెవులు గింగురుమన్నాయి. నాలుగో క్వార్టర్లో టచ్‌డౌన్‌కి ఒక్క గజం దూరం దాకా వెళ్లి ఆగిపోయాం. ఆ ఒక్క గజం దగ్గర నా ఒంట్లో ఉన్న బలమంతా ఊడిపోయింది. 17-7. గెలిచినవాళ్లకే అట్లాంటాలో జార్జియాతో ఎస్‌ఈసీ ఫైనల్. అమ్మాయి ఎగిరి గంతేసి, నా మొహం చూసి, కాసేపాగి మళ్లీ ఎగిరింది. ఎగరాలి మరి. వాళ్ల బ్యాచ్‌కి ఇదే మొదటిది.

ఆదివారం తిరుగు ప్రయాణంలో మాట మళ్లీ బెడ్‌లమ్ మీదికే వెళ్లింది. కాన్ఫరెన్స్‌లు మారినందుకే ఇలాంటి మ్యాచ్‌లు పోయాయని నేనూ చాలాకాలం అందరితో అంటూ వచ్చాను. ఈ ప్రయాణంలో నా లెక్క మారింది. ఫ్లోరిడా, ఫ్లోరిడా స్టేట్ వేర్వేరు కాన్ఫరెన్స్‌లు. క్లెమ్సన్, సౌత్ కరోలినా వేర్వేరు. అయోవా, అయోవా స్టేట్ వేర్వేరు. వీళ్లంతా ఆడుకుంటున్నారు. ప్రతి జట్టుకీ బయటివాళ్లతో ఆడేందుకు ఏటా కొన్ని ఖాళీలు ఉంటాయి. అందులో ఒకటి పక్క ఊరివాడికి ఇవ్వడానికి టీవీ ఒప్పందాలు అడ్డం రావు. పదమూడేళ్లు ఆస్టిన్, కాలేజ్ స్టేషన్ పెద్దలు ఇవ్వలేదు, అంతే. ఓక్లహోమా యూనివర్సిటీ ఉన్న నార్మన్, స్టిల్‌వాటర్ పెద్దలు కూడా ఇప్పుడు అదే దారి పట్టారు. వాళ్ల మధ్య దూరం ఎనభై మైళ్లే.

"ఇంటికెళ్లగానే మా పూర్వ విద్యార్థుల సంఘానికి ఉత్తరం రాస్తాను" అన్నాడు మావాడు, మాడిసన్‌విల్ దాటాక. నార్మన్‌కి కూడా ఒక కాపీ పంపమన్నాను. అమ్మాయి అప్పటికే ఫోన్ తీసి రెండు యూనివర్సిటీల రాబోయే సీజన్ల షెడ్యూళ్లు వెతుకుతోంది. "అంకుల్, ముందు ఖాళీ వారాలు ఎక్కడున్నాయో చూసి, తేదీతో సహా అడుగుదాం" అంది.