బంగారి పెట్టెకు హీటరు

మరిది మధ్యాహ్నం అన్న మాటలు ఇంకా మనసులో నలుగుతూనే ఉన్నాయి. మా పెంపుడు బల్లి బంగారి ఉండే గాజు పెట్టెకు, కరెంటు పారితే వేడెక్కే నైక్రోమ్ తీగతో తానే హీటరు చేస్తానని, పాత ల్యాప్‌టాప్ అడాప్టరు దానికి సరిపోతుందని, వేడి హద్దు దాటితే కరెంటు ఆపే థర్మోస్టాట్ దండగ ఖర్చని అన్నాడు. 12 వోల్టులకు లెక్కగట్టి 12 ఓములు వచ్చేలా తీగ కత్తిరించుకొచ్చాడు. అడాప్టరేమో 19 వోల్టులది. 12 వాట్లు రావలసిన చోట 30 వాట్లు వస్తాయని కాగితం మీద వేసి చూపిస్తే, "ఏడు వోల్టులకే ఇంత కంగారెందుకు వదినా, మిన్నెసోటా చలికి ఆ మాత్రం ఉండాలిగా" అని తీసిపారేశాడు. వేడి వోల్టుల వర్గాన్ని బట్టి పెరుగుతుందన్న సంగతి చదువుకున్నవాడికి నేను చెప్పవలసి రావడం, చెప్పినా అతను వినకపోవడం నాకు చాలా కష్టంగా తోచింది.

బంగారిది లెపర్డ్ గెకో అనే జాతి. ఒంటికి తగినంత వెచ్చదనం తగలకపోతే ఈ బల్లులకు తిన్న పురుగు సరిగా అరగదు. అందుకే పెట్టెలో ఒక పక్క నేల 32 డిగ్రీల దగ్గర, రెండో పక్క 25 దగ్గర ఉండేలా చూస్తాం. నేల మరీ వేడెక్కినా ఈ ప్రాణులు వెంటనే లేచిపోవు. అలా పొట్ట కాలిన బల్లుల ఫొటోలు చూసినప్పటినుంచి ఇంట్లో చేసిన హీటరంటేనే నాకు పడదు.

ఇది రాస్తూంటే అమ్మమ్మ కోడిపిల్లల గంప గుర్తుకొచ్చింది. తల్లికోడి చచ్చిపోయిన ఆ చలికాలం, గంపలో ఊక పరిచి, పైన కర్ర అడ్డంపెట్టి, దానికి 60 వాట్ల బల్బు వేలాడదీసింది. పిల్లలు బల్బు కింద ఒకదానిమీదొకటి ఎక్కి కీచుమంటుంటే తాడు ముడి విప్పి కొంచెం దించేది. నోళ్లు తెరుచుకుని అంచులకు పోతే పైకి లాగేది. గోనెపట్టా బల్బుకు తగలకుండా మధ్యలో ఇటుక పెట్టేది. కరెంటు పోతే వేడినీళ్ల చెంబుకు పాతగుడ్డ చుట్టి గంపలో పెట్టి, తెల్లవార్లూ లేచి లేచి చూసేది.

అదీ ఇంట్లో చేసిన హీటరే. దాన్ని కనిపెట్టుకుని అమ్మమ్మ ఉంది. బంగారి దగ్గర రాత్రంతా కూర్చునే వాళ్లెవరూ లేరు గనుక ఆ కాపలా థర్మోస్టాటే కాయాలి. ఇంత ఆలోచించాక, మరిదిని అసలు చేయవద్దనడం న్యాయం కాదనిపిస్తోంది. 12 వోల్టుల అడాప్టరు, దారిలో ఒక ఫ్యూజు, తీగ మొత్తం గాజుకు బయట, అడుగున గాలి ఆడేలా నాలుగు కాళ్లు, బంగారిని పెట్టక ముందు ఖాళీ పెట్టెతో కొన్నాళ్ల పరీక్ష: వీటికి ఒప్పుకుంటే చేయనిస్తాను. తేలనిది ప్రోబ్ సంగతే, అంటే పెట్టెలో వేడి ఎంతుందో థర్మోస్టాటుకు చెప్పే తీగ కొస. అది ఊడి పక్కకు జారితే గది చల్లదనాన్నే చూస్తూ హీటరును ఆపకుండా నడిపిస్తుంది. టేపు ఆ వేడికి నిలవదేమో, మరింకే విధంగా బిగించాలో రేపు అతన్నే అడగాలి.