పుట్టినరోజు నుంచి ఐదు పనిదినాలు

కాలిఫోర్నియాలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సెక్స్ అఫెండర్ రిజిస్ట్రీ (లైంగిక నేరాల్లో శిక్ష పడినవాళ్లు పోలీసుల దగ్గర పేరు రాయించుకోవాల్సిన జాబితా) మాట వచ్చేది ఒక్క సందర్భంలోనే. ఇల్లు కొనబోయే వాళ్లెవరో ఆ జాబితాను జనానికి చూపించే మేగన్స్ లా వెబ్‌సైట్‌లో ఆ వీధి మ్యాప్ చూస్తారు, అందులో కనిపించిన ఫోటో స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడతారు, నలుగురు భయపడతారు, ఇద్దరు "ఆ ఏరియా వద్దులెండి" అంటారు, అక్కడితో సరి. ఆ జాబితాలో మనవాళ్లు కూడా ఉండొచ్చని, వాళ్లకీ ఇంట్లో అమ్మా నాన్నా, పెళ్లాం పిల్లలూ ఉంటారని, ఆ నియమాలు ఆ ఇంటిల్లిపాదీ బతుకును ఎలా కట్టడి చేస్తాయో ఎవరూ మాట్లాడరు. ఇలా మాట్లాడకపోవడం వల్లే ఒక కుటుంబం రెండోసారి కోర్టు మెట్లెక్కడం దగ్గర నుంచి చూశాను. అందుకే రాస్తున్నాను.

నేరం చేసినవాడిని వెనకేసుకురావడానికి కాదు, ఇది ముందే చెప్పాలి. దెబ్బతిన్నది ఎవరో ఒక పిల్లో, ఒక ఆడమనిషో, ఒక కుర్రాడో. వాళ్ల బాధ ముందు మన పరువు లెక్కలోకి రాదు. కానీ శిక్ష పడి, జైలు నుంచి బయటికొచ్చి, ఇక చట్టం చెప్పినట్టు నడుచుకుంటానన్న మనిషికి ఆ చట్టం ఏం చెబుతోందో తెలియకపోతే దానివల్ల ఎవరికీ రక్షణ పెరగదు. పోలీసులు వెతుక్కోవాల్సిన మనుషులు పెరుగుతారు, అంతే.

ఇక్కడి చట్టం చాలా పాతది. అమెరికాలో రాష్ట్రం మొత్తానికి ఇలాంటి రిజిస్ట్రేషన్ మొదట పెట్టింది కాలిఫోర్నియానే, 1947లో. పీనల్ కోడ్ సెక్షన్ 290 కింద వస్తుంది కాబట్టి లాయర్లు, పెరోల్ (ఇక్కడ జైలు నుంచి విడుదలయ్యాక కొంతకాలం ఉండే నిఘా) ఆఫీసర్లు "టూ నైంటీ" అనేస్తారు. 2021 దాకా ఒకసారి ఎక్కితే జీవితాంతం, నేరం చిన్నదైనా పెద్దదైనా దాదాపు ఒకటే లెక్క. 2017లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం చేసిన ఎస్‌బీ 384 చట్టంతో అది మారి, 2021 జనవరి 1 నుంచి మూడు అంచెలు (టియర్లు) వచ్చాయి: కనీసం పదేళ్లు, కనీసం ఇరవై ఏళ్లు, జీవితాంతం. ఆ "కనీసం" అన్న మాట దగ్గరే చాలామంది పొరపడతారు, దాని సంగతి కింద చెబుతాను.

అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఐదు పనిదినాల లెక్క. జైలు నుంచి బయటికి వస్తే ఐదు పనిదినాల్లో ఉంటున్న ఊరి పోలీసుల దగ్గరికో, పోలీసు శాఖ లేని చోటైతే కౌంటీ పోలీసు అధికారి షెరిఫ్ దగ్గరికో స్వయంగా వెళ్లాలి. ఇల్లు మారితే ఐదు పనిదినాలు. పేరు మారితే ఐదు పనిదినాలు. ఏమీ మారకపోయినా సరే, ఏటా పుట్టినరోజుకు అటూ ఇటూ ఐదు పనిదినాల్లో వెళ్లి వివరాలు మళ్లీ రాసి సంతకం పెట్టాలి. వేలిముద్రలు, ఫోటో, పని చేసే చోటు పేరు, చిరునామా, సొంత కారుదే కాక రోజూ నడిపే కారు నంబరు కూడా ఇవ్వాలి. ఇంటికి రుజువుగా డ్రైవింగ్ లైసెన్సో, అద్దె రసీదో, కరెంటు బిల్లో చూపించాలి. కాలిఫోర్నియాలో దీనికి ఫీజు తీసుకోకూడదని చట్టంలోనే ఉంది.

"నెల కిందటే వెళ్లి వచ్చాడు కదా, మళ్లీ ఎందుకు" అని ఇంట్లోవాళ్లకు అనిపించడం సహజం. ఇక్కడ ఒక పాత కేసు చెప్పాలి. ఒకాయన కొత్త ఇంటికి మారి చట్టప్రకారం వెళ్లి రిజిస్టర్ అయ్యాడు. ఆ తర్వాత నెలకే పుట్టినరోజు వచ్చింది, చిరునామా అదే, ఉద్యోగం అదే, పెరోల్ ఆఫీసర్‌కు అంతా తెలుసు. పుట్టినరోజు అప్‌డేట్ మాత్రం చేయలేదు. పాత శిక్షలు ఉండటంతో త్రీ స్ట్రైక్స్ చట్టం (పాత పెద్ద నేరాలు ఉన్నవాళ్లకు శిక్ష బాగా పెంచేది) తగులుకుని పాతికేళ్ల నుంచి యావజ్జీవం పడింది. ఎవరికీ హాని లేని కాగితం పొరపాటుకు ఇంత శిక్ష క్రూరం అని 2005లో రాష్ట్ర అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. కొట్టేసిందన్న మాట నిజమే, కానీ అక్కడిదాకా వెళ్లేలోపు ఆ మనిషి జైల్లో గడిపిన ఏళ్లు ఎవరిస్తారు?

"మర్చిపోయాను" అన్న మాట కూడా పనికిరాదు. రిజిస్టర్ కావాలన్న సంగతే తెలియనివాడిని శిక్షించలేరు. అది 1957లోనే లాస్ ఏంజెలెస్ నగర నిబంధన ఒకదాని మీద అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఒకసారి తెలిసి, కాగితం మీద సంతకం పెట్టాక, గుర్తులేదనడం సాకు కాదని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2004లో చెప్పేసింది. మొదటి నేరం ఫెలనీ (పెద్ద నేరం) అయితే రిజిస్టర్ కాకపోవడమూ కొత్త ఫెలనీయే: పదహారు నెలలు, లేదా రెండేళ్లు, లేదా మూడేళ్లు. మిస్‌డిమీనర్ (చిన్న నేరం) అయితే కౌంటీ జైలు, ఏడాది దాకా. కాబట్టి ఇంట్లో ఒకరు కాదు, ఇద్దరు ఫోన్లలో రిమైండర్ పెట్టుకోవాలి. వెళ్లే ముందు అపాయింట్‌మెంట్ కావాలేమో ఫోన్ చేసి కనుక్కోవాలి. చాలా స్టేషన్లలో ఈ పని వారంలో కొన్ని రోజులే చేస్తారు, ఆఖరి రోజున వెళ్తే ఆ రోజు ఆ కౌంటర్ మూసి ఉండొచ్చు.

నేను చూసిన కుటుంబం సంగతి ఇక్కడే వస్తుంది. ఊరూ పేరూ చెప్పను. అబ్బాయి వారమంతా అన్నగారింట్లో ఉండి పనికి వెళ్లేవాడు, శని ఆదివారాలు ఇంకో ఊళ్లో అమ్మానాన్నల దగ్గర. రిజిస్టర్ చేసింది అన్నగారి చిరునామా ఒక్కటే. చట్టంలో ఏముందంటే, క్రమంగా ఉండే ఇళ్లు ఒకటి కంటే ఎక్కువ ఉంటే, ఒక్కోదాంట్లో ఎన్ని రాత్రులు పడుకుంటాడన్న దానితో పని లేకుండా అన్నీ చెప్పాలి, ఇళ్లు వేరే వేరే ఊళ్లలో ఉంటే రెండు చోట్లా రిజిస్టర్ కావాలి. వాళ్లమ్మగారు నాతో అన్న మాట: "రెండ్రోజులే కదా బాబూ వచ్చి పోయేది, మన వీధిలో పోలీసుల దగ్గర పేరు రాయిస్తే రేపు గుళ్లో నలుగురికీ ముఖమెలా చూపించమంటావు?" ఆవిడ దాచింది నేరం కాదు, పరువు. ఆ అబ్బాయి మీద మాత్రం కొత్త కేసు పడింది. ఆ కేసు కాగితాలతో పాటు పాత నోటీసులు ఒక చీరల అలమారాలోంచి బయటికి తీశారు, అందులో ఈ నియమం అక్షరాలా ఉంది. ఇంట్లో ఒక్కరూ చదవలేదు. తెలుగులో ఉంటే చదివేవాళ్లేమోనని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఇల్లే లేకుండా కారులోనో, ఫ్రెండ్స్ సోఫాల మీదో గడుపుతుంటే అది ఇంకా కష్టం. ట్రాన్సియెంట్ (స్థిరమైన ఇల్లు లేని మనిషి) కింద ప్రతి ముప్పై రోజులకూ వెళ్లాలి. "ఇంట్లోంచి వెళ్లిపో" అని కోపంలో కొడుకును పంపేసే తండ్రులు ఇది తెలుసుకుని పంపాలి.

స్కూలు సంగతి మన కుటుంబాలకు ప్రత్యేకంగా ముఖ్యం. రిజిస్టర్ అయిన మనిషి తగిన పని లేకుండా, స్కూలు ప్రధాన అధికారి తేదీ, సమయం వేసి రాసిచ్చిన అనుమతి లేకుండా స్కూలు ఆవరణలో అడుగు పెట్టడం నేరం. సొంత బిడ్డ టీచర్ మీటింగ్‌కు కూడా ముందు ఆ కాగితం తెచ్చుకోవాలి. మన ఉగాది, సంక్రాంతి కార్యక్రమాలు జరిగేది ఎక్కడ? హైస్కూల్ ఆడిటోరియంలో. వారాంతపు తెలుగు తరగతులు? అద్దెకు తీసుకున్న స్కూలు గదుల్లో. శనివారం కదా, స్కూలు లేదు కదా అని ధీమాగా వెళ్లొద్దు, ముందు లాయర్‌ను అడగండి. పిల్లలతో ఒంటరిగా ఉండే పనికి, వాలంటీరుగానైనా సరే, దరఖాస్తు పెట్టేటప్పుడు తన రిజిస్ట్రేషన్ సంగతి చెప్పి తీరాలని ఇంకో సెక్షన్ ఉంది. ఈ రెండు నియమాలూ నాకు పూర్తిగా న్యాయంగా అనిపిస్తాయి.

అన్ని నియమాల గురించీ అలా అనలేను. 2006లో ఓటర్లు ప్రాపొజిషన్ 83 అనే చట్టాన్ని నేరుగా ఓటేసి పాస్ చేసి, స్కూలుకు, పార్కుకు 2000 అడుగుల లోపు ఉండకూడదన్నారు. వినడానికి బాగుంది. శాన్ డియేగో కౌంటీలో లెక్క తీస్తే అద్దెకు దొరికే అపార్ట్‌మెంట్లలో 97 శాతానికి పైగా ఆ గీత లోపలే పడ్డాయి. పెరోల్‌లో ఉన్నవాళ్లు వీధుల్లో, సందుల్లో పడుకున్నారు, అంటే వాళ్ల మీద నిఘా ఇంకా కష్టమైంది. 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ కౌంటీ పెరోలీలందరికీ దాన్ని గుడ్డిగా వర్తింపజేయడం చెల్లదంది. అయినా మన గ్రూపుల్లో "స్కూలు దగ్గర వాళ్లు ఉండకూడదు కదా, కంప్లెయింట్ ఇద్దాం" అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఒక్కో మనిషికి పెరోల్ షరతులు వేరు, పెరోల్ అయిపోయినవాళ్ల సంగతి వేరు.

ప్రయాణాల దగ్గర మనవాళ్లు ఎక్కువగా చిక్కుకుంటారు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క. ఫ్లోరిడాలో ఏడాది మొత్తం మీద కలిపి మూడు రోజులుంటే చాలు తాత్కాలిక నివాసం కిందికి వస్తుంది, 48 గంటల్లో షెరిఫ్ ఆఫీసుకు వెళ్లాలి. టాంపాలో పిన్నిగారింటికి పెళ్లికని వెళ్లి వారం ఉండి రావడం ఎంత మామూలు విషయం మనకు! ఇక ఇండియా ప్రయాణం. 2016లో వచ్చిన ఇంటర్నేషనల్ మేగన్స్ లా, దాని చుట్టూ ఉన్న ఫెడరల్ నిబంధనల ప్రకారం దేశం దాటే ముందు 21 రోజులు ముందుగా రిజిస్టర్ చేసే ఆఫీసుకు వెళ్లే తేదీలు, ఫ్లైట్, దిగే చోటు చెప్పాలి. చెప్పకుండా వెళ్తే ఫెడరల్ కేసు, పదేళ్ల దాకా జైలు. నేరం మైనర్ మీద అయి, మనిషి అమెరికా పౌరుడైతే పాస్‌పోర్టులోనే ఆ సంగతి అచ్చు వేస్తారు. నాన్నకు సీరియస్ అని అర్ధరాత్రి ఫోన్ వస్తే 21 రోజులు ఎక్కడివి? అలాంటప్పుడు టికెట్ కొన్న తర్వాత కాదు, కొనే ముందే లాయర్‌కూ ఆ ఆఫీసుకూ ఫోన్ చేసి, ఎవరితో ఏం మాట్లాడారో రాసి పెట్టుకోవాలి.

వీసా మీద ఉన్నవాళ్లకు, గ్రీన్ కార్డు వాళ్లకు ఇంకో లెక్క ఉంది. మైనర్‌పై లైంగిక నేరాల్లో చాలావరకు ఇమిగ్రేషన్ చట్టంలో అత్యంత తీవ్రమైన నేరాల కిందికి (ఆగ్రవేటెడ్ ఫెలనీ) వస్తాయి, గ్రీన్ కార్డు ఉన్నా డిపోర్టేషన్ తప్పదు. రిజిస్టర్ కానందుకు ఫెడరల్ చట్టం కింద శిక్ష పడితే అదొక్కటే డిపోర్టేషన్‌కు వేరే కారణం. పౌరుడైనా సరే, మైనర్ మీద నేరంలో శిక్ష పడితే భార్యకో తల్లిదండ్రులకో స్పాన్సర్ చేసే హక్కు 2006 నాటి ఆడమ్ వాల్ష్ చట్టం దాదాపుగా తీసేసింది. ఆన్‌లైన్‌లో మైనర్ అనుకుని చాటింగ్ చేసి, కలవడానికి వెళ్లి, పోలీసులు పన్నిన వలలో (స్టింగ్) దొరికే కుర్రాళ్ల వార్తలు చదువుతూనే ఉన్నాం, వాళ్లలో చదువుకోవడానికి వచ్చిన మన పిల్లలూ ఉంటున్నారు. అవతల నిజంగా పిల్ల లేకపోయినా అది నేరమే, నేరంగానే ఉండాలి కూడా. ప్లీ డీల్ (నేరం ఒప్పుకుని శిక్ష కుదుర్చుకునే ఒప్పందం) మీద సంతకం పెట్టే ముందు ఇమిగ్రేషన్ సంగతి చెప్పాల్సిన బాధ్యత లాయర్‌దేనని 2010లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. చెప్పకపోతే గట్టిగా అడగండి, "రిజిస్ట్రేషన్ ఉందా, ఏ టియర్, ఎన్నేళ్లు" అని కూడా.

స్క్రీన్‌షాట్లు పంపేవాళ్లకు రెండు మాటలు. ఆ వెబ్‌సైట్ చూడటం తప్పు కాదు, 2004 నుంచి అందరికీ అందుబాటులో ఉన్నదే. రిజిస్టర్ అయినవాళ్లందరూ అందులో కనిపించరు, కొందరివి పూర్తి చిరునామాలు, కొందరివి జిప్ కోడ్ మాత్రమే. ప్రమాదంలో ఉన్న ఒకరిని కాపాడటానికి ఆ సమాచారం వాడొచ్చు. దాంతో ఇల్లు అద్దెకివ్వకపోవడం, ఉద్యోగం తీసేయడం లాంటివి చట్టం ఒప్పుకోదు. ఆ సమాచారాన్ని వాడి మిస్‌డిమీనర్ చేస్తే జరిమానా 10,000 డాలర్ల నుంచి 50,000 దాకా, ఫెలనీ చేస్తే అదనంగా ఐదేళ్లు. రిజిస్టర్ అయిన మనిషి తనే ఆ సైట్‌లోకి వెళ్లడం కూడా నేరం, తన వివరాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఇంకెవరైనా చూసిపెట్టాలి. పిల్లల మీద అఘాయిత్యాల్లో చాలా ఎక్కువ భాగం చేసేది తెలిసినవాళ్లే. మ్యాప్‌లో చుక్క లేని బాబాయి గురించి బిడ్డ ఏదో చెప్పబోతే "ఛీ, తప్పు, అలా అనకూడదు" అని నోరు మూయించే ఇల్లు నన్ను ఎక్కువ భయపెడుతుంది.

ఇక ఆ "కనీసం". పదేళ్లో ఇరవయ్యేళ్లో పూర్తయితే పేరు దానంతటదే పోదు. గడువు పూర్తయ్యాక వచ్చే పుట్టినరోజు తర్వాత, రిజిస్టర్ అయిన కౌంటీ సుపీరియర్ కోర్టులో పిటిషన్ వేయాలి. ప్రస్తుతం రిజిస్టర్ అయి ఉన్నట్టు పోలీసుల దగ్గర రుజువు తీసుకుని జత చేయాలి, ఆ పోలీసు శాఖకూ, డిస్ట్రిక్ట్ అటార్నీకీ (డీఏ, కౌంటీ ప్రభుత్వ ప్రాసిక్యూటర్) ప్రతులు ఇవ్వాలి, శిక్ష పడింది వేరే కౌంటీలో అయితే అక్కడివాళ్లకు కూడా. వాళ్లు 60 రోజుల్లో జవాబు చెబుతారు, డీఏ వద్దంటే హియరింగ్ ఉంటుంది. ఈలోగా రిజిస్టర్ కానందుకు మిస్‌డిమీనర్ శిక్ష పడి ఉంటే ఒక్కోదానికి గడువుకు ఏడాది, ఫెలనీ అయితే మూడేళ్లు కలుస్తాయి. ఆ అలమారాలో దాచిన నోటీసు ఖరీదు ఇదీ. కోర్టు కాదంటే మళ్లీ వేయడానికి ఏడాది నుంచి ఐదేళ్ల దాకా ఆగమంటుంది. చాలా కౌంటీల్లో పబ్లిక్ డిఫెండర్ (ప్రభుత్వం ఇచ్చే డిఫెన్స్ లాయర్) ఆఫీసులు ఈ పిటిషన్‌కు సాయం చేస్తాయి, ముందు అక్కడ అడిగి తర్వాత ప్రైవేటు లాయర్ ఫీజుల సంగతి చూడండి. పిటిషన్ వేశాం కదా అని ఆ ఏడు పుట్టినరోజు అప్‌డేట్ మానేయొద్దు. ఉత్తర్వు వచ్చేదాకా ఐదు పనిదినాల లెక్క మారదు. వచ్చాక కూడా అది కాలిఫోర్నియా వరకే, వేరే రాష్ట్రానికి మారాలనుకుంటే అక్కడి నియమం కనుక్కున్నాకే లీజు మీద సంతకం పెట్టండి.